మొరటు బండా, మెత్తటి బండా? రెండూ నడిపినవాడి జవాబు

మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ఒకసారి చూసుకుంటా. ఇంట్లో నలుగురు, రోజూ ఆఫీసుకి రానూపోనూ 40 కిలోమీటర్లు మామూలు తారు రోడ్డు, నెలకి రెండుసార్లు కొండదారులు, అడవి బాటలు, వాగులు, ఏడాదికోసారి పది పన్నెండు రోజుల లాంగ్ ట్రిప్, కొన్న బండి కనీసం పదేళ్లు ఉంచుకోవాలి. మీ మనసేమో ల్యాడర్ ఫ్రేము (బాడీ కింద నిచ్చెనలా ఉండే ఇనప చట్రం), ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్, ఎలక్ట్రానిక్స్ తక్కువ ఉన్న మొరటు బండి మీద ఉంది, ఇంట్లోవాళ్లేమో ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి బ్యాగులు), పెద్ద స్క్రీన్ ఉన్న కొత్తరకం మెత్తటి బండి అంటున్నారు, పైగా మీ ఆవిడకి నడుం నొప్పి. మీ ఫ్రెండ్ "మొరటుదే అసలైన ఆఫ్‌రోడర్, మిగతావన్నీ షోకు బళ్లు" అన్నాడని రాశారు. చివర్లో స్నార్కెల్, వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటారు) మొదటే వేయించాలా అని కూడా అడిగారు, దానికి ఆఖర్న వస్తా.

నా సంగతి ఒక్క ముక్కలో. 22 ఏళ్లుగా ఇదే పని, మొదటి తొమ్మిదేళ్లు సర్వే టీముల దగ్గర కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బళ్లు నడిపా, బాగుచేశా, తర్వాత సొంతానికి ఒక మొరటుది, ఒక మెత్తటిది కొన్నా, ఇప్పుడు కొత్తవాళ్లకి నేర్పిస్తుంటా. కాబట్టి ఏ పార్టీ వాణ్ణీ కాదు, రెండిట్లోనూ దిగబడ్డవాణ్ణి.

ముందు మీ ఫ్రెండ్ మాట సంగతి చూద్దాం. మెత్తటి బండి అంటే చేతకాని బండి అనుకోవడం ఎప్పుడో పాతబడిపోయిన మాట. లాండ్ రోవర్ డిఫెండర్‌నే తీసుకోండి, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో మొదలైన ఆ వంశం పాత రూపంలో 2016 జనవరిలో ఆగిపోయింది, 2019లో కొత్తది చూపించినప్పుడు ల్యాడర్ ఫ్రేము లేదు, రిజిడ్ యాక్సిల్ లేదు, నాలుగు చక్రాలకీ ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది), పాత అభిమానులు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. తీరా లెక్కలు చూస్తే పాతది దిగగలిగే నీళ్ల లోతు 500 మి.మీ., కొత్తది ఎయిర్ సస్పెన్షన్‌తో 900 మి.మీ. బండిని పైకి లేపితే గ్రౌండ్ క్లియరెన్స్ (బండి పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ) 291 మి.మీ. దాకా వస్తుంది. కొత్తగా స్టీరింగ్ పట్టినవాడిని రెండిట్లోనూ ఒకే దారిలో వదిలితే పది సార్లలో ఎనిమిది సార్లు కొత్తదే ముందు బయటికొస్తుంది, ఇది నేను నేర్పించేటప్పుడు కళ్లారా చూసేదే.

మరి మొరటు బండిలో ఏం లేదా అంటే, ఉంది. రిజిడ్ యాక్సిల్ అంటే ఎడమ చక్రం, కుడి చక్రం ఒకే గట్టి కడ్డీకి రెండు చివర్లు. ఒక చక్రం రాయి ఎక్కితే కడ్డీ వాలి రెండోది కిందికి నొక్కుకుంటుంది, అందుకే ఎగుడుదిగుడు నేలలో చక్రాలు అంత తేలిగ్గా నేలని వదలవు. ఇంకో సంగతి, యాక్సిల్ మధ్యలో గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది) కింద ఎంత ఖాళీ ఉందో బండి ఎంత ఊగినా, ఎంత బరువేసినా అంతే ఉంటుంది, ఎందుకంటే అది చక్రాలతో పాటే కదులుతుంది. ఇండిపెండెంట్‌లో అలా కాదు, డిఫరెన్షియల్ బాడీకి బిగించి ఉంటుంది, సామాను పెరిగినా గుంతలో దిగినా స్ప్రింగు నొక్కుకుని పొట్ట నేలకి దగ్గరవుతుంది. బ్రోచర్‌లో రాసిన క్లియరెన్స్ ఖాళీ బండిది. నలుగురు మనుషులు, పది రోజుల సామాను ఎక్కాక ఎంత మిగులుతుందో మీరే టేపు పెట్టి కొలుచుకోవాలి.

తేడా నిజంగా తెలియాలంటే ఎదురుబొదురు గుంతల దారి ఒకటి ఊహించుకోండి, ముందు ఎడమ చక్రం గుంతలో, వెనక కుడి చక్రం గుంతలో, మిగతా రెండు గట్టు మీద. ఈ పొజిషన్‌లో బండి ఐమూలగా వంకర తిరిగిపోతుంది, ఒక జత చక్రాల మీద బరువే ఉండదు. లాక్ (యాక్సిల్ రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేది) ఉన్న మొరటు బండిలో ఏం చేస్తారు, ఫోర్ లో (నాలుగు చక్రాలకీ బలం, అన్నిటికంటే నెమ్మది గేర్లు) వేసి, వెనక డిఫరెన్షియల్ లాక్ నొక్కి, క్లచ్ వదిలేసి కాలు తీసేస్తారు, బండి తనే ముసలి ఎద్దులా నింపాదిగా గట్టెక్కుతుంది. మెత్తటి బండిలో లాక్ లేకపోతే ట్రాక్షన్ కంట్రోల్ పని చేయాలి, అదెలా పనిచేస్తుందంటే ఖాళీగా తిరుగుతున్న చక్రాన్ని బ్రేకు పట్టి ఆపి, ఆ బలాన్ని పట్టు ఉన్న చక్రానికి పంపిస్తుంది. అంటే చక్రం ముందు జారాలి, తర్వాతే అది కలగజేసుకుంటుంది. ఆ క్షణంలో కింద నుంచి గర్ర్ గర్ర్‌మని చప్పుడు, బండి వణుకు, కొత్తవాళ్లు ఏదో విరిగిపోతుందని భయపడి ఠక్కున కాలు తీసేస్తారు, బండి అక్కడే ఆగిపోతుంది, మళ్లీ రేసిస్తారు, మళ్లీ చప్పుడు, మళ్లీ కాలు తీస్తారు. అలా నాలుగుసార్లు చేసి "ఈ బండి పనికిరాదు" అంటారు. నేను పక్కన కూర్చుని చెప్పేది ఒక్కటే, చప్పుడు రానీ, రేసు పెంచొద్దు తగ్గించొద్దు, రెండు సెకన్లు అలాగే పట్టుకో. నిజంగానే ఒకటి ఒకటిన్నర చుట్టు తిరిగాక పట్టు దొరికి బండి కదులుతుంది. ఇది బండి లోపం కాదు, అలవాటు లోపం. కాకపోతే ఇలాంటి గుంతలు వరసగా ఇరవై ఉంటే బ్రేకులు వేడెక్కి ఆ సిస్టమ్ కాసేపు సెలవు తీసుకుంటుంది, లాక్‌కి ఆ బాధ లేదు.

లో రేంజ్ (బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే అదనపు గేరు) గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే మొరటా మెత్తనా అన్నదానికంటే ఇదే ముఖ్యం. ఒక లెక్క వేద్దాం: ఫస్ట్ గేర్ రేషియో 4, డిఫరెన్షియల్ 4, లో రేంజ్ 2.7 అనుకోండి. లో రేంజ్ లేకపోతే 4 ఇంటూ 4, అంటే 16. లో రేంజ్ వేస్తే 43. ఐడిల్‌లో ఇంజిన్ 800 ఆర్పీఎం తిరుగుతుంటే, మామూలు సైజు ఆఫ్‌రోడ్ టైర్లతో బండి వేగం మొదటిదాంట్లో గంటకి 7 కిలోమీటర్ల పైన, రెండోదాంట్లో 3 లోపే. మనిషి మామూలు నడక నాలుగైదు. అంటే ఒకదాంట్లో రాళ్ల మీద మీరు పరిగెడుతున్నారు, ఇంకోదాంట్లో ఆలోచించుకుంటూ నడుస్తున్నారు. జీప్ ర్యాంగ్లర్ రూబికాన్‌లో ఆ లో రేంజ్ ఒక్కటే 4 ఉంటుంది, అందుకే రాళ్ల వాళ్లు దానికోసం పడి చస్తారు. దిగుడులో కూడా అంతే, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజినే బండిని పట్టుకుంటుంది. లో రేంజ్ లేని బండి ఎంత ఖరీదైనదైనా, ఎన్ని మోడ్‌ల బటన్లు ఉన్నా, మీ లిస్టులోంచి కొట్టేయండి. దీంట్లో నేను బేరమాడను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. రెండు బళ్లూ వెళ్తాయి. రెండు బళ్లూ ఆగిపోతాయి. ఆగిపోయినప్పుడు దాన్ని ఎవరు కదిలిస్తారు, అది మీరు కొనేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

సర్వే రోజుల్లో ఒకసారి మెయిన్ కమాన్ పట్టీ విరిగింది. అది విరిగితే యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగిపోతుంది, టైరు మడ్‌గార్డ్‌కి ఒరుసుకుంటుంది, బండి పీతలా అడ్డంగా నడుస్తుంది. మనుషులుండే చోటు అక్కణ్ణుంచి 70 కిలోమీటర్లు. జాకీ పెట్టి లేపి, యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక దుంగ ముక్క ఇరికించి, గొలుసు చుట్టి, సామాను కట్టే ర్యాచెట్ బెల్టుతో యాక్సిల్‌ని ముందుకి లాగి బిగించాం. గంటకి 15 దాటకుండా, ప్రతి ఐదు కిలోమీటర్లకీ దిగి బెల్టు మళ్లీ బిగిస్తూ, సాయంత్రం బయల్దేరిన వాళ్లం తెల్లారేసరికి చేరాం. ఈ కథ చెప్తే అందరూ "చూశావా, అదీ మొరటు బండి అంటే" అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నా, గర్వంగా. కానీ ఇంకో సగం చెప్పేవాణ్ణి కాదు, ఆ బండి దాదాపు ప్రతి ట్రిప్పులో ఏదో ఒకటి విరగ్గొట్టుకునేది, పట్టీల యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్ బుష్‌లు, సైలెన్సర్ క్లాంపులు, రేడియేటర్ బ్రాకెట్. పానాల డబ్బా లేకుండా అది గడప దాటింది లేదు. బాగుచేసుకోగలిగాం అన్నది ఎంత నిజమో, మాటిమాటికీ బాగుచేసుకోవాల్సి వచ్చింది అన్నదీ అంతే నిజం.

మెత్తటి దాని కథ కూడా వినండి. ట్రిప్పు మూడో రోజు, ఎండిన పొదల మీదుగా పోతుంటే ఒక పుల్ల వెనక ఎడమ చక్రం ఏబీఎస్ సెన్సర్ వైరుని తెంపేసింది, వేలెడు వైరు. డ్యాష్‌బోర్డు మీద ఒకేసారి ఆరు లైట్లు వెలిగాయి, ట్రాక్షన్ కంట్రోల్ పోయింది, దిగుడులో పట్టుకునేది పోయింది, ఎయిర్ సస్పెన్షన్ "ఫాల్ట్" అని చెప్పి పైకి లేవనని మొరాయించి మామూలు ఎత్తుకి దిగి కూర్చుంది. ఇంజిన్ బాగుంది, గేర్‌బాక్స్ బాగుంది, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, కానీ పైకి లేవని బండితో ఇంకా మూడు కిలోమీటర్ల రాళ్ల దారి మిగిలి ఉంది. రెండున్నర గంటలు పట్టింది, పొట్ట కింద గార్డు ప్లేటు గీసుకుంటుంటే నా పళ్లు జివ్వుమనేవి. చదునుకి వచ్చాక టార్చ్ వేసుకుని కింద దూరి చూస్తే అప్పుడు కనిపించింది ఆ తెగిన వైరు, చివర్లు గీకి మెలిపెట్టి టేపు చుడితే పది నిమిషాల పని. అంటే తప్పు కొత్త బండిదని కాదు, ఏది పోయిందో నాకు చెప్పే సాధనం నా దగ్గర లేదు. ఆ తర్వాత నుంచి అరచేతిలో పట్టే స్కానర్ ఒకటి డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఉంటుంది, కోడ్ చదివితే ఏ చక్రమో అదే చెప్తుంది. మెత్తటి బండి కొంటే పానాల డబ్బా కంటే ముందు అది కొనండి.

ఇక్కడ ఇంకో చేదు నిజం, ఇప్పుడు కొత్తగా కొనే మొరటు బండి కూడా మీరు ఊహించుకుంటున్న మొరటు బండి కాదు. సుజుకీ జిమ్నీకి ల్యాడర్ ఫ్రేము, రిజిడ్ యాక్సిల్స్ ఉన్నాయి, కానీ డిఫరెన్షియల్ లాక్ లేదు, బ్రేకులతో పనిచేసే ట్రాక్షన్ సిస్టమే, అంటే నాకు తెగినలాంటి వైరు దానికీ ఉంది. ఇనియోస్ గ్రెనేడియర్ చూడ్డానికి పాత డిఫెండర్‌కి తమ్ముడిలా ఉంటుంది, లోపల బీఎండబ్ల్యూ మూడు లీటర్ల ఇంజిన్, జడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ర్యాంగ్లర్ రూబికాన్‌లో యాంటీ రోల్ బారుని (బండి పక్కకి ఒరగకుండా చూసే కడ్డీని) విడదీసేది కూడా మోటారే. కొత్త డీజిల్ ఏది కొన్నా ఎలక్ట్రానిక్స్‌తో నడిచే కామన్ రైల్ ఇంజెక్టర్లు, మసిని పట్టే డీపీఎఫ్ తప్పవు, రోజూ దగ్గర దూరాలే తిప్పితే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది, మొరటుదైనా మెత్తనిదైనా. కాబట్టి "సుత్తి, పానా ఉంటే చాలు" అనే బండి కావాలంటే పాతది వెతుక్కోవాలి, లేదా 1984లో మొదలై ఇంకా తయారవుతున్న టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 లాంటిది దొరికే చోట ఉండాలి, దాంట్లో ఇప్పటికీ వెనక కమాన్ కట్టలే.

సేఫ్టీ మాట ఎవరూ ఎత్తరు, ఎందుకో మరి. 2018లో యూరో ఎన్‌క్యాప్ (యూరప్‌లో కార్ల భద్రతని పరీక్షించే సంస్థ) పరీక్షల్లో ర్యాంగ్లర్‌కి వచ్చింది ఒకే ఒక్క స్టార్, జిమ్నీకి మూడు. కొత్త డిఫెండర్‌కి 2020లో ఐదు. స్టార్లలో డ్రైవర్‌కి సాయపడే సిస్టమ్‌ల వాటా కూడా ఉంటుంది, కాబట్టి ఒక స్టార్ అంటే రేకు డబ్బా అని కాదు, అయినా వెనక సీట్లో పిల్లలు కూర్చునే బండికి ఈ తేడా చిన్నది కాదు. మీకు ప్రమాదం జరిగే అవకాశం రాళ్ల దారిలో గంటకి 5 కిలోమీటర్లలో కంటే, అక్కడికి పోయే హైవే మీద 90లోనే ఎక్కువ.

నడుం నొప్పి గురించి. రిజిడ్ యాక్సిల్ బరువైన వస్తువు, ఆ బరువంతా స్ప్రింగు కింద ఉంటుంది, అందుకే కంకర రోడ్డు మీద ప్రతి చిన్న గతుకూ ఎగదన్నుతుంది, పైగా ఒక చక్రం గతుకెక్కితే రెండో పక్క కూడా కదులుతుంది కాబట్టి మనిషి ఎగరడమే కాదు, పక్కలకి ఊగుతాడు. నడుం పట్టేసేది ఆ పక్క ఊపే. రోజుకి గంట నడిపితే సరదాగా ఉంటుంది, ఎనిమిది గంటలకి తల దిమ్మెక్కుతుంది, అలిసిపోయిన డ్రైవర్ సాయంత్రం ఐదింటికి చేసే తప్పులు ఏ లాకూ ఆపలేదు. షోరూమ్ టెస్ట్ డ్రైవ్ ఇరవై నిమిషాల్లో ఇది తెలియదు. రెండు రోజులకి అద్దెకి దొరికితే తీసుకోండి, మీ ఆవిడని వెనక సీట్లో కూర్చోబెట్టండి, ముందు సీట్లో కాదు, ఎందుకంటే వెనక సీటు వెనక యాక్సిల్‌కి దగ్గర, మొరటు బండి అసలు రంగు అక్కడే తెలుస్తుంది.

స్టీరింగ్ కూడా గమనించండి. ముందు రిజిడ్ యాక్సిల్ ఉన్న బళ్లు హైవే మీద తిన్నగా పోవడానికి చిన్న చిన్న సవరణలు అడుగుతూ ఉంటాయి, కొన్నిట్లో మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తను వెనక్కి రాదు, మీరే తిప్పాలి. అలవాటైతే అలవాటవుతుంది, కానీ ఇంట్లో ఇద్దరు నడిపేటప్పుడు ఇద్దరికీ అలవాటవ్వాలి. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ (లివర్ వేస్తేనే నాలుగు చక్రాలూ లాగే) బళ్లయితే ఇంకో జాగ్రత్త, ఎండిన తారు మీద ఫోర్ హై (నాలుగు చక్రాలకీ బలం, మామూలు గేర్లు) వేసి మలుపులు తిరక్కూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ, మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా ఎక్కడికీ పోక షాఫ్టులు మెలిపడతాయి. లివర్ ఇరుక్కుపోయి టూ హైకి (రెండు చక్రాలకే బలం) రానంటుంది. అప్పుడు బలవంతం చేయొద్దు, తిన్నగా నాలుగైదు మీటర్లు రివర్స్ వస్తే టక్కుమని వదులుతుంది.

టైర్ల దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే మెత్తటి బళ్లని నిజంగా చెడగొట్టేది టైర్లే, సస్పెన్షన్ కాదు. 265/70 ఆర్ 16 టైరు (వెడల్పు 265 మి.మీ., గోడ ఎత్తు దాంట్లో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు) తీసుకుంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు గోడ ఎత్తు 185 మి.మీ. అదే 255/60 ఆర్ 20 అయితే 153, షోరూమ్‌లో మెరిసే 275/45 ఆర్ 21 అయితే 124. ఈ రబ్బరు గోడే మీ మొదటి స్ప్రింగు, మీ మొదటి రక్షణ. గాలి తగ్గించినప్పుడు టైరు పొడుగ్గా పరుచుకోవడానికి ఆ ఎత్తే కావాలి. నేనైతే రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉంటే కంకరలో 25 చేస్తా, మెత్తటి ఇసుకలో 18 దాకా దింపుతా, 15 కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. 21 అంగుళాల రిమ్ముతో 18 పీఎస్ఐ పెట్టి రాయి ఎక్కితే రాయికీ రిమ్ముకీ మధ్య టైరు నలిగి గోడ చీలుతుంది, గోడ చీలిన టైరుకి పంక్చర్ అతుకు నిలవదు. కాబట్టి మెత్తటి బండి కొంటే ఆ మోడల్‌కి బ్రేకుల మీద పట్టే అతి చిన్న రిమ్ము ఏదో అడగండి, పెద్ద బ్రేకులున్న వేరియంట్లకి చిన్న రిమ్ము పట్టదు, కొన్నాక తెలిస్తే ఏడవడమే. స్టెప్నీ మిగతా నాలుగింటి సైజే ఉండాలి, బుల్లి స్టెప్నీ, పంక్చర్ కిట్టు ఇచ్చే బండి ఈ పనికి పనికిరాదు.

సరే, మీ కేసు. మీరు చెప్పిన ట్రిప్పుల్లో ఫోన్ పనిచేయని చోట రెండు మూడు గంటలకి మించి ఉండరు, ఇంకో బండి తోడుంటుంది అని కూడా రాశారు. రోజూ తారు రోడ్డు. నలుగురు. నడుం నొప్పి. నేను మీ చోట ఉంటే పూర్తి మొరటుది కొనను. అలాగని బ్రోచర్‌లో అన్నీ ఉన్న టాప్ మోడల్ కూడా కొనను. మధ్యలో ఒక జాతి ఉంది, ల్యాడర్ ఫ్రేము, ముందు ఇండిపెండెంట్, వెనక రిజిడ్ యాక్సిల్ మీద కాయిల్ స్ప్రింగులు, లో రేంజ్, వెనక లాక్. 2023లో వచ్చిన ల్యాండ్ క్రూయిజర్ 250 ఈ కోవదే, మహీంద్రా థార్ ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఈ లెక్కనే కట్టారు, చివరికి 1979 నుంచీ రెండు రిజిడ్ యాక్సిల్స్‌తో పేరు తెచ్చుకున్న మెర్సిడెస్ జీ క్లాస్ కూడా 2018లో ముందు యాక్సిల్‌ని వదిలేసి ఇండిపెండెంట్‌కి వచ్చింది, మూడు లాకులూ మాత్రం ఉంచుకుంది. అంత మొండివాళ్లే అక్కడికి వచ్చారంటే ఆలోచించండి. స్టీరింగ్, కంఫర్టు ముందు నుంచి వస్తాయి, బరువు మోయడం, గట్టిదనం వెనక నుంచి వస్తాయి.

మీ బడ్జెట్లో పూర్తి ఇండిపెండెంట్ మెత్తటి బండే దొరుకుతుందనుకోండి, పర్లేదు, కానీ కాయిల్ స్ప్రింగుల వేరియంట్ ఉంటే అదే తీసుకోండి. పదేళ్లు ఉంచుకుంటానన్నారు కదా, ఎయిర్ సస్పెన్షన్ బ్యాగులు రబ్బరు, రబ్బరుకి వయసు వస్తుంది, కారినప్పుడల్లా కంప్రెసర్ ఎక్కువ తిరిగి అదీ అరుగుతుంది, ఇదంతా వారంటీ అయిపోయాకే మొదలవుతుంది.

మూడు డోర్ల జిమ్నీ గురించి కూడా అడిగారు. నాకు చచ్చేంత ఇష్టం, తేలిక బండి కాబట్టి పెద్దవి దిగబడే చోట పైపైనే పోతుంది. కానీ వెనక సీటు వేసి ఉంచితే డిక్కీ 85 లీటర్లు, రెండు బ్యాక్‌ప్యాకులు. ఐదు డోర్లదానికి వీల్‌బేస్ 340 మి.మీ. పెరిగి కొంచెం నయం. నలుగురితో పన్నెండు రోజులంటే సామాను టాప్ మీదికి ఎక్కించాలనిపిస్తుంది, ఎక్కించకండి, మాన్యువల్లో టాప్ లోడ్ ఎంత రాశారో చూడండి, ర్యాకు బరువు కూడా దాంట్లోకే వస్తుంది, పైన బరువు పెరిగితే పక్క వాలులో బండి దొర్లుతుంది. మీరొక్కరే, లేదా ఇద్దరే అయ్యుంటే నా జవాబు వేరేగా ఉండేది.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే పైన పటారం చూసి మోసపోవద్దు, అట్ట పరుచుకుని కింద పడుకోండి. ఛాసిస్ కమ్మీలకి లోపలి వైపు తుప్పు, వంగి మళ్లీ తిన్నగా చేసిన గుర్తులు, కొత్తగా కొట్టిన నల్ల రంగు (దేన్నో దాస్తున్నారు) చూడండి. డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పించి ఆయిల్ వేలికి రాసుకుని చూడండి, పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు దిగాయి. ఇదెలా జరుగుతుందంటే వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, గాలి తీసుకునే బ్రీదర్ పైపు మట్టితో మూసుకుపోయి ఉంటే సీల్ అంచుల నుంచి నీళ్లనే పీల్చుకుంటుంది. అమ్మేవాళ్లు "వాగులెప్పుడూ దాటలేదండీ" అంటారు, ఆయిల్ అబద్ధం చెప్పదు.

ఇక స్నార్కెల్. అది ఇంజిన్ గాలి పీల్చే చోటుని పైకి తీసుకెళ్తుంది, అంతే. బ్రీదర్ పైపులు, వైరింగ్ కనెక్టర్లు, ఆల్టర్నేటర్ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, కంపెనీ రాసిన లోతు స్నార్కెల్‌తో పెరగదు. లోతు కంటే పారే నీళ్ల తోపుడు ప్రమాదం, మోకాలు దాటిన ప్రవాహంలో మీరు నడిచి అవతలికి పోలేకపోతే బండిని దింపొద్దు. దుమ్ములో వరసగా బళ్లు పోయేటప్పుడు మాత్రం స్నార్కెల్ పనికొస్తుంది, ఫిల్టర్ కాస్త శుభ్రంగా ఉంటుంది. వించ్ మొదటి ఏడాది అక్కర్లేదు, తోడు బండి ఉంది కదా. దాని బదులు టైర్లలో గాలి కొట్టే మంచి కంప్రెసర్, గాలి కొలిచే గేజ్, ఒక పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (దిగబడ్డ చక్రం కింద పెట్టే పలకలు), సాగే రికవరీ స్ట్రాప్ ఒకటి. కొనేముందు బండికి ముందూ వెనకా ఛాసిస్‌కి బిగించిన రేటెడ్ (ఎంత లాగుడు తట్టుకుంటాయో కంపెనీ చెప్పిన) రికవరీ హుక్కులున్నాయో లేదో చూసుకోండి, కొన్నిట్లో ఉండేది లారీ మీద కట్టేసుకోవడానికి ఇచ్చిన కొక్కెం మాత్రమే, గట్టిగా లాగితే ఊడొస్తుంది. ట్రెయిలర్ తగిలించే టో బాల్‌కి స్ట్రాప్ కట్టి మాత్రం ఎప్పుడూ లాగొద్దు, ఆ బాల్ విరిగితే సాగిన స్ట్రాప్ దాన్ని తూటాలా విసురుతుంది, అద్దం పగిలి లోపల కూర్చున్నవాళ్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. లాగేటప్పుడు పిల్లల్ని దింపి, స్ట్రాప్ పొడవుకి రెండింతల దూరంలో పక్కకి నిలబెట్టండి.